అండర్‌బ్రిడ్జి గోడ మీది బొమ్మకు బాధ్యులెవరు?

తిరుపతి నగరంలో కొండను తొలిచి వేసిన సొరంగ రహదారి లేదు. అయినా సొరంగం నోటి దగ్గర ఎదురయ్యే చిక్కులన్నీ రైల్వే అండర్‌బ్రిడ్జీల రూపంలో మనకు ఉన్నాయి. రేణిగుంట నుంచి పాకాల వైపు సాగే రైలు మార్గం నగరాన్ని రెండుగా విడదీస్తుంది. ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి నది. కొండ మీద కురిసిన వాన పల్లం వెతుక్కుంటూ నది వైపు దిగుతుంటే పట్టాల కోసం పోసిన కట్ట దానికి అడ్డంగా నిలుస్తుంది. ఆ కట్ట కింద నుంచి తీసిన దారులే వెస్ట్ చర్చి, డీఆర్ మహల్ వంటి చోట్ల ఉన్న అండర్‌బ్రిడ్జీలు. ఇవి చుట్టుపక్కల నేల కంటే లోతుగా ఉంటాయి కనుక మనుషులు, వాహనాలతో పాటు నీరు కూడా వాటిలోకే చేరుతుంది. దిగుడు రోడ్డుకు ఇరువైపులా మట్టిని ఆపే గోడలు ఉంటాయి. ఇలాంటి గోడలు కనిపిస్తే చాలు, వాటి మీద శ్రీవారి వాహన సేవలో, అన్నమయ్యో, శంఖుచక్రాలో, పారిశుద్ధ్య నినాదాలో వేయించడం మన పట్టణాల్లో ఒక ఆనవాయితీ అయింది.

బొమ్మ వేసిన కొత్తలో అందరూ మెచ్చుకుంటారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగు భాగంలో పెచ్చులు లేస్తాయి, తెల్లని ఉప్పు పొర పైకి తేలుతుంది, మిగిలిన చోట పోస్టర్లు వెలుస్తాయి. అప్పుడు మళ్లీ టెండరు, మళ్లీ రంగు. రంగు నాసిరకమనీ, కాంట్రాక్టరు తిన్నాడనీ, కళాకారుడికి పని రాదనీ మాటలు వినిపిస్తాయి. వీటిలో ఏదో ఒకటి ఒక్కోసారి నిజమే కావచ్చు. అయితే ఆ గోడకు డబ్బు వచ్చే దారినీ, ఆ పనిని ఒప్పందంలో కొలిచే పద్ధతినీ పరిశీలిస్తే, అందరూ నిజాయితీగా పనిచేసినా ఆ బొమ్మ నిలవదన్న సంగతి అర్థమవుతుంది. బొమ్మను పాడుచేసేది నీరు. ఆ నీటిని చూసుకునే బాధ్యత బొమ్మ ఒప్పందంలో ఉండదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం ఇదే.

ముందుగా యాజమాన్యం సంగతి చూద్దాం. అండర్‌బ్రిడ్జిలో పట్టాలను మోసే దూలాలు, వాటిని నిలబెట్టే గోడలు రైల్వే ఆస్తి. తిరుపతి విషయంలో వాటి బాగోగులు చూసేది గుంతకల్లు డివిజన్ ఇంజినీరింగ్ విభాగం. సాధారణంగా కుదిరే ఒప్పందాల ప్రకారం కింద ఉన్న రోడ్డు, దానికి దారి తీసే దిగుళ్లు, మురుగు కాలువ, దీపాలు రోడ్డు ఎవరిదైతే వారి బాధ్యత. నగర వీధుల్లో అది మున్సిపల్ కార్పొరేషన్. రాష్ట్ర రహదారి అయితే రోడ్లు, భవనాల శాఖ. గోడ మీది బొమ్మలకు మాత్రం పలు చోట్ల నుంచి డబ్బు వస్తుంది. కార్పొరేషన్ తన నిధులతో వేయించవచ్చు. స్మార్ట్ సిటీ సంస్థ, పట్టణాభివృద్ధి సంస్థ, ఏదైనా బ్యాంకు సామాజిక బాధ్యత నిధి, స్వచ్ఛంద సంస్థ కూడా వేయించవచ్చు. ఈ లెక్కన ఒకే గోడ దగ్గర నిర్మాణం ఒకరిది, కాలువ ఇంకొకరిది, బొమ్మ మరొకరిది అవుతుంది. గోడ వెనుక మట్టిలో నిండిన నీటికి అడిగే నాథుడే ఉండడు.

బొమ్మలు వేయించడం మున్సిపాలిటీ పనేనా అని కొందరు అడుగుతుంటారు. రాజ్యాంగమే దీనికి జవాబు ఇచ్చింది. 74వ సవరణ ద్వారా వచ్చిన 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విధులు ఉన్నాయి. రోడ్లు, వంతెనలు అందులో 4వ అంశం. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను పెంపొందించడం 13వ అంశం. అంటే గోడ, గోడ మీది బొమ్మ రెండూ నగరపాలనలో న్యాయంగా చోటున్నవే. కనుక బొమ్మల మీద ఖర్చు దండగ అన్న వాదనతో నేను ఏకీభవించను. చీకటిగా, మురికిగా ఉండే అండర్‌బ్రిడ్జి నోటి దగ్గర వెలుతురూ శుభ్రమైన గోడా ఉంటే రాత్రివేళ నడిచి వెళ్లే ఆడవాళ్లకు, పిల్లలకు ఎంత ధైర్యంగా ఉంటుందో ఆ దారుల్లో రోజూ తిరిగేవారికి తెలుసు. ఖర్చు పెట్టాల్సిందే. ఆ ఖర్చుకు తగిన ఆయుష్షు ఎందుకు దక్కడం లేదన్నదే ప్రశ్న.

ఆ ఆయుష్షు డబ్బు స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. ప్రభుత్వ లెక్కల్లో మూలధన వ్యయం వేరు, రెవెన్యూ వ్యయం వేరు. కొత్తగా కట్టేది మొదటి పద్దులో, ఉన్నదాన్ని కాపాడుకునేది రెండో పద్దులో పడుతుంది. మొదటి పద్దుకు పథకాలు ఉంటాయి, శంకుస్థాపనలు ఉంటాయి, శిలాఫలకాలు ఉంటాయి. రెండో పద్దు ఆస్తి పన్ను, నీటి పన్ను వంటి సొంత ఆదాయంతో నెట్టుకు రావాలి. తిరుపతి 2016 సెప్టెంబరులో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. ఆ పథకం కింద ఒక్కో నగరానికి కేంద్రం 500 కోట్ల రూపాయల వరకు ఇచ్చేలా, అంతే మొత్తాన్ని రాష్ట్రం, స్థానిక సంస్థ కలిసి సమకూర్చేలా ఏర్పాటు చేశారు. నిర్మాణాల కోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కేంద్ర పథకం గడువు 2025 మార్చి 31తో ముగిసింది. పథకం ముగిసినా కట్టినవి ముగిసిపోవు కదా. వాటి దీపాలు, పంపులు, గోడలు, రంగులు ఇకపై నగరం సొంత సంపాదన మీదే బతకాలి.

కేంద్ర ఆర్థిక సంఘం నిధులున్నాయి కదా అనవచ్చు. 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు 2021–22 నుంచి 2025–26 వరకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం వంటి నిర్దిష్ట పనులకు ముడిపెట్టింది. మిగిలిన 40 శాతం మీదే నగరానికి స్వేచ్ఛ ఉండేది. దాన్ని జీతాలకు వాడకూడదన్న నిబంధన కూడా ఉండేది. ఆ కొద్ది మొత్తం కోసం గుంతలు పడిన ప్రతి వీధీ, వెలగని ప్రతి దీపమూ పోటీపడుతుంది. ఆ వరుసలో గోడ మీది బొమ్మకు చోటు చివరన దొరుకుతుంది.

తిరుపతికి మరో ప్రత్యేకత ఉంది. నగరంలో ఉండేవారి కంటే వచ్చిపోయేవారి కోసం చేయాల్సిన ఏర్పాట్లు ఎక్కువ. ఈ కారణంతోనే గరుడ వారధిగానూ, శ్రీనివాస సేతుగానూ పేరు పొందిన ఎత్తైన రహదారికి 684 కోట్ల రూపాయల వ్యయంలో 67 శాతం తిరుమల తిరుపతి దేవస్థానం, 33 శాతం స్మార్ట్ సిటీ సంస్థ భరించేలా నిర్ణయించారు. అది 2023 సెప్టెంబరులో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. అదే ఏడాది దేవస్థానం బడ్జెట్‌లో ఒక శాతాన్ని ఏటా నగరాభివృద్ధికి ఇవ్వాలని ధర్మకర్తల మండలి తీర్మానించగా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. భక్తుల కానుకలను దేవాదాయ చట్టం అనుమతించే పరిధి దాటి ఖర్చు పెట్టకూడదన్న అభ్యంతరంలో బలముంది. అదే సమయంలో యాత్రికుల వాహనాలు రోజూ దూరి పోయే అండర్‌బ్రిడ్జి నిర్వహణ భారమంతా నగరవాసి చెల్లించే ఆస్తి పన్ను మీదే పడటమూ న్యాయం కాదు. ఒక వంతెన నిర్మాణానికి వాటాలు రాసుకోగలిగినప్పుడు, యాత్రికుల దారుల్లో ఏటా చేయాల్సిన నిర్వహణకు కూడా చట్టం ఒప్పుకునే మేరకు వాటాలు ముందే రాసుకోవచ్చునని నా అభిప్రాయం.

పెద్ద పనుల మీద నిఘా విషయంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 100 కోట్ల రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టుల టెండరు పత్రాలను న్యాయమూర్తి ముందుగా పరిశీలించాలని రాష్ట్రం 2019లో చట్టం చేసింది. వచ్చిన అతి తక్కువ ధర మీద మళ్లీ వేలం పెట్టి ఇంకా తగ్గించే రివర్స్ టెండరింగ్ అదే ఏడాది వచ్చి, 2024లో రద్దయింది. దాని మీద జరిగినంత చర్చ మూడు లక్షల రూపాయల గోడ పని మీద ఎప్పుడూ జరగదు. చిన్న పనిని విడిగా చూస్తే చిన్నదే. కానీ ఊరంతా ఉన్న గోడలను, రెండేళ్లకోసారి వచ్చే టెండర్లను కలిపి చూసే పద్దు ఒక్కటీ లేకపోవడం వల్ల మొత్తం ఎంతవుతుందో పాలకమండలికి కూడా ఒకచోట కనిపించదు. పైగా 2007లో కార్పొరేషన్‌గా మారిన తిరుపతిలో తొలి ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. అంతకాలం అడగవలసిన కార్పొరేటర్లే లేరు.

ఇక గోడ పని కాగితం మీద ఎలా నడుస్తుందో చూద్దాం. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, అంచనా వేస్తారు. ఎస్‌ఎస్‌ఆర్ అని పిలిచే ప్రామాణిక ధరల పట్టికలో పాత రంగు గీకడం, లప్పం పెట్టడం, ప్రైమరు, రెండు పూతల రంగు వంటి వాటికి చదరపు మీటరు చొప్పున రేటు దొరుకుతుంది. బొమ్మకు దొరకదు. గరుడ వాహనం మీద స్వామిని గీయడానికి కావలసిన చేతి నైపుణ్యాన్ని ఏ పట్టికా కొలవలేదు కనుక, మార్కెట్ ధర తెప్పించి దాన్ని కూడా చదరపు మీటర్లలోకి మారుస్తారు. ఆ తర్వాత పాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు, ధరావతు, అగ్రిమెంటు. రాష్ట్రంలో ఇంజినీరింగ్ పనుల టెండర్లకు ఆధారంగా నిలిచిన 2003 జులై నాటి జీవో 94 ప్రకారం అంచనా కంటే 5 శాతానికి మించి ఎక్కువ కోరిన టెండరును ఆమోదించకూడదు. ఖజానాకు ఇది మంచి కట్టుబాటే. కానీ అంచనాలోనే కళకు తగిన విలువ లేనప్పుడు, దానికంటే తక్కువకు వేసినవారికే పని దక్కినప్పుడు, చివరికి గోడ ఎక్కి బొమ్మ గీసే చిత్రకారుడికి రోజుకూలి మాత్రమే మిగులుతుంది. లైసెన్సు ఉన్న సివిల్ కాంట్రాక్టరు పేరున పని ఉంటుంది. చిత్రకారుడి పేరు అగ్రిమెంటులో గానీ గోడ మీద గానీ కనిపించదు.

పని జరిగాక ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు ఎక్కుతాయి, ఏఈకి పై అధికారి అయిన డీఈ సరిచూస్తారు, బిల్లు అవుతుంది. ఆ కొలతలో పొడవు, ఎత్తు, చదరపు మీటర్లు ఉంటాయి. గోడలో తేమ ఎంత ఉండగా రంగు వేశారు, సిమెంటు పూత తడి ఆరడానికి ఎన్నాళ్లు ఆగారు, గోడ అడుగున నీరు కారడానికి వదిలిన రంధ్రాలు తెరిచి ఉన్నాయా అన్న వివరాలకు ఆ పుస్తకంలో గడి లేదు. లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత వహించాల్సిన కాలం ఒకటి ఒప్పందంలో ఉంటుంది. ఆ కాలంలో రంగు ఊడితే ఉచితంగా మళ్లీ వేయాలి. తీరా ఊడినప్పుడు కాంట్రాక్టరు ఇచ్చే సమాధానం ఒక్కటే: గోడ వెనుక నుంచి నీరు వస్తోంది, ఆ నీరు నా పనిలో లేదు. ఒప్పందం చదివితే ఆయన చెప్పింది సరైనదే. మొత్తం చిక్కు ఈ ఒక్క సమాధానంలో ఉంది.

గోడ వెనుక జరిగేది కొంచెం వివరంగా చెప్పుకోవాలి. దిగుడు రోడ్డుకు పక్కన ఉండే గోడ మన ఇంటి గోడ లాంటిది కాదు. దానికి ఒకే ముఖం గాలికి తెరుచుకుని ఉంటుంది, రెండో ముఖాన్ని మట్టి ఆనుకుని ఉంటుంది. వానాకాలంలో ఆ మట్టి నీటితో నిండుతుంది. ఆ నీటి ఒత్తిడి గోడను తోసేయకుండా ఉండేందుకే గోడలో వరుసగా చిన్న రంధ్రాలు వదిలి, వాటి వెనుక కంకర పొర వేస్తారు. మట్టి కొట్టుకొచ్చి రంధ్రాలు పూడిపోయినా, బొమ్మకు అడ్డుగా ఉన్నాయని వాటిని సిమెంటుతో కప్పేసినా, నీరు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా ముందు ముఖానికి వస్తుంది. వచ్చేటప్పుడు సిమెంటులోనూ మట్టిలోనూ ఉన్న లవణాలను కరిగించుకుని తెస్తుంది. ముందు ముఖం మీద నీరు ఆవిరవుతుంది, లవణం మిగిలిపోయి స్ఫటికాలుగా పెరుగుతుంది. ఆ స్ఫటికాలు రంగు పొరను వెనుక నుంచి ఎత్తుతాయి. పైన వేసిన రంగు ఎంత ఖరీదైనదైతే, ఎంత బిగువుగా నీటిని ఆపేదైతే, వెనుక నీరు అంత నిలిచి పొర అంత పెద్ద పెచ్చుగా ఊడుతుంది. వాటర్‌ప్రూఫ్ రంగు వేయించాం, ఇక భయం లేదని చెప్పేవారు నీరు ముందు నుంచి వస్తుందనుకుంటున్నారు. ఈ గోడలకు నీరు వెనుక నుంచి వస్తుంది.

దీనికి తోడు కొత్త సిమెంటు పూతలో క్షారగుణం చాలా ఎక్కువ. నాలుగు వారాలైనా ఆరనివ్వకుండా రంగు వేస్తే క్షారం రంగును తినేస్తుంది. రాయలసీమ ఎండకు కొన్ని ఎరుపులు, పసుపులు త్వరగా వెలిసిపోతాయి. ఇనుప ఆక్సైడు నుంచి వచ్చే కావి, గోపీ వంటి రంగులు చాలా కాలం నిలుస్తాయి. ఇవన్నీ చిత్రకారులకు తెలిసిన విషయాలే. అంచనా వేసేటప్పుడు వారిని అడిగే ఏర్పాటు లేదు. మార్చి లోపు నిధులు ఖర్చు కావాలన్న తొందరలోనో, పారిశుద్ధ్య సర్వేకు బృందం వస్తుందనో, బ్రహ్మోత్సవాలు దగ్గరపడ్డాయనో పని మొదలుపెడతారు. బ్రహ్మోత్సవాలు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి. ఆ వెనుకే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి, మన ప్రాంతానికి పెద్ద వానలు అవే. అంటే రంగు వేయడానికి ఏడాదిలో ఎంచుకోకూడని కాలాన్నే తరచుగా ఎంచుకుంటున్నాం.

నీటి సంగతి బొమ్మలతో ఆగేది కాదు. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాననీటిలో యాత్రికుల వాహనం చిక్కుకుని కర్ణాటక నుంచి వచ్చిన ఒక యువతి ప్రాణాలు కోల్పోయింది. ఆ మరుసటి నెలలో నగరమంతా వరదలో మునిగింది. అండర్‌బ్రిడ్జి నోటి దగ్గర కాలువ పూడిక, నీటిని తోడే పంపు, లోతు చూపే గుర్తులు, నీరు ఎక్కువైతే దారి మూసే గేటు ఇవన్నీ నిర్వహణ పద్దులోవే. గోడకు బొమ్మ వేయించే ఏ సంస్థ అయినా ముందుగా ఈ పనులకు నిధి ఉందో లేదో చూసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. నీటి లోతును చూపే కొలత గీతలను బొమ్మలో భాగంగానే పెద్ద అంకెలతో గీయించవచ్చు. తెలుగు చదవలేని యాత్రికుడికి కూడా ఆ ఎరుపు గీత అర్థమవుతుంది.

డబ్బు బాగా ఉన్నచోట ఇలాంటివి జరగవని అనుకోవడానికీ లేదు. ఢిల్లీలో ప్రగతి మైదాన్ కింద 900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో కట్టిన సొరంగ రహదారిని 2022 జూన్‌లో ప్రారంభించారు. లోపలి గోడల పొడవునా కుడ్యచిత్రాలు వేయించారు. మరుసటి ఏడాది వానలకే నీరు నిలిచి దారిని పలుమార్లు మూయాల్సి వచ్చింది. గోడల నుంచి నీరు ఊరింది. 2024లో అక్కడి ప్రజాపనుల శాఖ నిర్మాణ సంస్థకు 500 కోట్ల రూపాయలు కోరుతూ నోటీసు ఇస్తే, ఆ సంస్థ ఎదురు అంతే మొత్తం కోరింది. లోపం రూపకల్పనదా, నిర్మాణానిదా, నిర్వహణదా అన్న తగువు తేలేలోగా గోడ మీది చిత్రం ఆగదు. అంత పెద్ద ఒప్పందంలోనే నీటి బాధ్యత ఎవరిదో తేలనప్పుడు, మన ఊరి చిన్న అగ్రిమెంట్లలో దాన్ని రెండు వాక్యాల్లోనైనా స్పష్టంగా రాయించుకోవడం ఎంత అవసరమో ఊహించవచ్చు.

పట్టాలను మోసే గోడల మీద బొమ్మలు వేయడంలో మరో ప్రమాదముంది. రైల్వే ఇంజినీర్లు వంతెనలను క్రమం తప్పకుండా తనిఖీ చేస్తారు. కాంక్రీటు మీద పడే సన్నని పగులు, తుప్పు మరక, నీటి చార వారికి మొదటి సూచనలు. దట్టమైన రంగు పొర వాటిని కప్పేస్తుంది. అందువల్ల దూలం ఆనే చోట, గోడ అతుకుల దగ్గర రంగు వేయకుండా పట్టీలు వదలాలి. మిగిలిన చోట్ల గోడను ఊపిరి పీల్చుకోనిచ్చే పలుచని పూత వాడాలి. ఏ భాగం రైల్వేదో, ఏ భాగం నగరానిదో గీత గీసి, అనుమతి పత్రాన్ని అంచనాతో జత చేయకుండా టెండరు పిలవకూడదు.

ఇంతకీ లెక్క ఏమంటుంది? ఇది ఊహాజనితమైన లెక్క మాత్రమే, ఏ టెండరులోదీ కాదు. ఒక అండర్‌బ్రిడ్జి దగ్గర నాలుగు గోడలూ కలిపి 400 చదరపు మీటర్లు ఉన్నాయనుకుందాం. నీటిని పట్టించుకోకుండా చదరపు మీటరుకు 600 రూపాయల చొప్పున బొమ్మలు వేయిస్తే 2,40,000 రూపాయలు. రెండేళ్లకోసారి మళ్లీ వేయిస్తే పదేళ్లలో ఐదుసార్లు, అంటే 12 లక్షలు. అలా కాక రంధ్రాలు తెరిపించి, పైనుంచి నీరు దిగకుండా అంచు కాలువ కట్టించి, గోడను ఆరనిచ్చి, నిలిచే రంగులతో చదరపు మీటరుకు 1,500 రూపాయల చొప్పున చేయిస్తే మొదట 6 లక్షలు. ఏటా కడగడానికీ, ఊడిన చోట సరిచేయడానికీ 30,000 రూపాయల చొప్పున పదేళ్లకు 3 లక్షలు. మొత్తం 9 లక్షలు. పదేళ్లలో 3 లక్షలు మిగులుతాయి, గోడ అన్నేళ్లూ బాగుంటుంది. అయినా మొదటి దారే ఎందుకు గెలుస్తుందంటే, బడ్జెట్ ఏడాది ఏడాదికి చూస్తుంది, టెండరు ఆ రోజు ధరను చూస్తుంది. మొదటి ఏడాది 2,40,000 రూపాయల అంచనా పక్కన 6 లక్షల అంచనా పెట్టే ఇంజినీరుకు ఆడిట్ అభ్యంతరం వస్తుందన్న భయం ఉంటుంది. పదేళ్ల లెక్కను అంచనాకు జతపరచమనే నిబంధన ఉంటే ఆ భయం పోతుంది.

చిత్రకారుడి హక్కుల గురించి మన మున్సిపల్ ఒప్పందాలు ఇంకా ఆలోచించడం మొదలుపెట్టలేదు. 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసినా, తన పేరు చెప్పుకునే హక్కు, తన కృతిని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు కళాకారుడికి మిగిలే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరుతో తొలగించి పాడుచేసినప్పుడు ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వాలనీ, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. కొన్న వస్తువే అయినా ప్రభుత్వం దాన్ని ఇష్టానుసారం నాశనం చేయకూడదని ఆ తీర్పు చెప్పింది. అండర్‌బ్రిడ్జి గోడ మీది బొమ్మ అంతటి స్థాయిది కాకపోవచ్చు. అయినా ఎన్నేళ్లు ఉంచుతారు, ఎవరు మరమ్మతు చేస్తారు, తుడిచేయాల్సి వస్తే ముందుగా చిత్రకారుడికి చెబుతారా అన్న మూడు విషయాలు రాసుకుంటే రెండు పక్షాలకూ మంచిది.

ఈ విషయంలో తిరుపతికి ఉన్నంత వెసులుబాటు చాలా నగరాలకు లేదు. దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల ఇక్కడే ఉంది. అక్కడ రాతి, లోహ, సుధా (సున్నపు గార) శిల్పాలతో పాటు సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. పక్కనే శ్రీకాళహస్తిలో భౌగోళిక గుర్తింపు పొందిన కలంకారీ కుటుంబాలున్నాయి. కలంకారీ గుడ్డ మీది కళ, గోడ మీద దాన్ని అనుకరించడం వేరు. అయినా ఆ గీతను, ఆ కథ చెప్పే పద్ధతిని సొంతం చేసుకున్నవారు చేతికందే దూరంలో ఉండగా, ఎక్కడైనా కనిపించే సీతాకోకచిలుకల బొమ్మలు మన గోడల మీద ఎందుకుండాలో నాకు అర్థం కాదు.

అందుకే పనిని విడగొట్టాలి, మళ్లీ ఒకచోట కలపాలి. బొమ్మ రూపకల్పనను టెండరు ధర పోటీ నుంచి తప్పించి, చిత్తు బొమ్మలు పిలిచి, కళాశాల అధ్యాపకులు, ఇంజినీరు, ఆ వార్డు ప్రతినిధి ఉన్న చిన్న సంఘం చేత ఎంపిక చేయించి, ముందే ప్రకటించిన పారితోషికం చిత్రకారుడి ఖాతాలో నేరుగా వేయాలి. కేవలం శ్రమగా అందే సేవ 12వ షెడ్యూలు విధులకు సంబంధించినదైతే జీఎస్టీ మినహాయింపు ఉంది. అదే పనిని సామగ్రితో కలిపి వర్క్స్ కాంట్రాక్టుగా ఇస్తే 2022 జులై నుంచి 18 శాతం పడుతోంది. ఈ తేడాను ఆర్థిక విభాగం ముందే పరిశీలించడం మంచిది. రెండో వైపు గోడ కడగడం, రంధ్రాలు తెరవడం, కాలువ పూడిక తీయడం, పంపు నడపడం, దీపాలు, రంగు మరమ్మతు ఇవన్నీ ఒకే సంస్థకు ఐదేళ్ల నిర్వహణ ఒప్పందంగా ఇవ్వాలి. చెల్లింపు చదరపు మీటర్లకు కాదు, మూడు నెలలకోసారి జరిగే తనిఖీలో గోడ ఎలా ఉందన్నదానికి. అలా చేస్తే నీరు నా పనిలో లేదని ఎవరూ అనలేరు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 1959లోనే ప్రభుత్వ సాయంతో జరిగే నిర్మాణాల వ్యయంలో ఒక శాతాన్ని కళకు కేటాయించే పద్ధతి తెచ్చింది. మన దగ్గర అలాంటి నియమం పెట్టుకుంటే, అందులో కొంత భాగాన్ని కదిలించడానికి వీల్లేని నిర్వహణ నిధిగా బ్యాంకులో వేయాలని కూడా రాసుకోవాలి.

పోస్టర్ల బెడదకు కొత్త చట్టం అక్కర్లేదు. బహిరంగ ప్రదేశాలను వికృతం చేయడాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో 1997 నాటి చట్టమే ఉంది. పోస్టరు మీద ఉన్న పేరుకే నోటీసు పంపితే చాలు. పార్టీల విషయంలో అది కష్టమంటారు గానీ, గ్రామ పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులను 2020లో న్యాయస్థానాల ఆదేశాలతో ప్రజాధనంతోనే తిరిగి చెరిపించాల్సి వచ్చిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది.

ఇదంతా మీ వీధి చివరి అండర్‌బ్రిడ్జికి ఎలా వర్తిస్తుందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం కింద నాలుగు కాగితాలు అడగవచ్చు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం నగర స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మొదటిది అంచనా ప్రతి. అందులో నీటి పారుదల పని ఉందో లేదో చూడండి. రెండోది అగ్రిమెంటు, లోపాల బాధ్యత ఎంతకాలమో, దానికి ఏయే మినహాయింపులు రాశారో అందులో ఉంటుంది. మూడోది ఎం-బుక్ పేజీలు. రంగు వేసిన తేదీలను ఆ నెల వర్షపాతంతో పోల్చి చూడవచ్చు. నాలుగోది రైల్వేతో కుదిరిన నిర్వహణ ఒప్పందం, లేదా అనుమతి లేఖ. ఈ నాలుగో కాగితం కార్యాలయంలో దొరకలేదన్న జవాబు వస్తే, అదే ప్రశ్నను గుంతకల్లు డివిజన్ కార్యాలయానికి కూడా పంపి, రెండు జవాబులనూ మీ వార్డు ప్రతినిధి చేతికి ఇచ్చి, తదుపరి బడ్జెట్ సమావేశంలో ఆ గోడ పేరుతో ఒక నిర్వహణ పద్దు పెట్టమని అడగండి.